విషయం: ‘నెట్‌వర్క్ ఫీజు’ పేరుతో మీరు కోస్తున్నది ఎవరి ఫీజు?

కస్టమర్ సపోర్ట్ హెడ్ గారికి,

నల్లగొండ నుంచి రాస్తున్నాను. మీ క్రిప్టో యాప్‌లోంచి పైసలు బయటి వాలెట్‌కు పంపితే కోసే ఫీజు గురించి. పదహారు రోజులు, ఒక్క టికెట్ (ఫిర్యాదు), ఏడు జవాబులు. అడిగింది ఒక్కటే ముక్క: విత్‌డ్రా పేజీలో ‘నెట్‌వర్క్ ఫీజు’ అని చూపించే అంకెలో నెట్‌వర్క్‌కు పోయేదెంత, మీకు మిగిలేదెంత?

మొదటి జవాబు: ‘నెట్‌వర్క్ బిజీగా ఉంది సార్.’ అట్లయితే రద్దీ తగ్గినప్పుడు ఫీజూ తగ్గాలె కదా. మీ ఈఆర్‌సీ-20 (ఇథీరియం నెట్‌వర్క్) ఫీజు ఆదివారం పొద్దున 8 యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో నాణెం), సోమవారం రాత్రి కూడా 8. ఇథీరియంలో యూఎస్‌డీటీ పంపడానికి సుమారు 65,000 గ్యాస్ (నెట్‌వర్క్ చేసే పనికి కొలత) పడుతుంది. గ్యాస్ ధర 1 గ్వేయి (ఇథీరియం నాణెం ఈథర్‌లో వంద కోట్లో వంతు) ఉన్నప్పుడు అది 0.000065 ఈథర్, 20 గ్వేయి ఉన్నప్పుడు 0.0013. ఇరవై రెట్ల తేడా మీ స్క్రీన్ మీద ఏనాడూ కనబడదు.

రెండో ఏజెంట్ యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. ఫీజు అట్లనే ఉంది, కేవైసీ సెల్ఫీ మాత్రం మళ్లీ అడిగింది. మూడో ఏజెంట్ ‘మొత్తం పెద్దది కదా, అందుకే’ అన్నారు. 50 పంపినా 50,000 పంపినా పట్టే గ్యాస్ ఒక్కటేనని మీ ఆఫీసులో వాళ్లకు ఎవరూ చెప్పలేదా?

నాలుగో జవాబుకు మాత్రం దండం పెట్టాలి. ‘బీఈపీ-20 చౌక, అది పెట్టుకోండి.’ అది బీఎన్‌బీ చైన్ అనే వేరే నెట్‌వర్క్. నేను పంపాల్సిన చోట ఈఆర్‌సీ-20 మాత్రమే తీసుకుంటారని అదే టికెట్‌లో పైన రాసి ఉంది. రెండింటి అడ్రసూ ‘సున్నా ఎక్స్’తోనే మొదలవుతుంది, రెండూ 42 అక్షరాలే. తప్పు నెట్‌వర్క్ పెట్టినా యాప్ ఆపదు. పైసలు అడ్రసుకు చేరతాయి, అవతలి ఖాతాలో మాత్రం జమ కావు. ఆ తర్వాత వాళ్ల సపోర్ట్ చుట్టూ తిరగాలి, మీది చాలనట్టు.

ఐదో ఏజెంట్ ట్రాన్ అనే ఇంకో నెట్‌వర్క్ వాడమన్నారు. నా వేరే వాలెట్‌కు పంపి చూశాను, 4 యూఎస్‌డీటీ కోశారు. ఆ వాలెట్‌లో ముందే యూఎస్‌డీటీ ఉంది కాబట్టి పట్టేది సుమారు 65,000 ఎనర్జీ (ట్రాన్‌లో గ్యాస్ లాంటిది). ఖాళీ వాలెట్ అయితే దాదాపు రెట్టింపు. 2025 ఆగస్టులో ఎనర్జీ ధర 210 సన్ (ట్రాన్ నాణెం టీఆర్‌ఎక్స్‌లో పది లక్షలో వంతు) నుంచి 100కు దిగింది, అంటే ఫీజుగా కాలేది 6.5 టీఆర్‌ఎక్స్. టీఆర్‌ఎక్స్ స్టేక్ చేసి (తాళం వేసి పెట్టి) ఎనర్జీ తెచ్చుకుంటే అదీ కాలదు, ఆ కిటుకు మీకు తెలియనిదేం కాదు. మీ 4 మాత్రం 4 దగ్గరే కూర్చుంది.

ఆరో జవాబు ఐదోదానికి నకలు. ఏడోది: ‘మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి.’ టికెట్ మూసేశారు!

కొర్లపహాడ్ టోల్‌గేట్ దగ్గర కూడా కారుకెంత, లారీకెంత అని బోర్డు పెడతారు. 2022 జులైలో క్రిప్టో అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) వచ్చినప్పుడు ఎంతోమంది విదేశీ యాప్‌లకు పోయినా మీ దగ్గరే ఉన్నందుకు ఆ మాత్రం లెక్కకు కూడా నోచుకోలేదా?

ప్రతి విత్‌డ్రాకు ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ గుర్తు), చైన్ మీద కాలిన ఫీజు, మీ సర్వీస్ చార్జీ విడివిడిగా చూపించండి. లేదంటే ‘నెట్‌వర్క్ ఫీజు’ తీసేసి ‘మా ఫీజు’ అని రాసుకోండి. ఇప్పటిదాకా కోసినదాంట్లో తేడా ఎంతొస్తే అంత వెనక్కి వెయ్యండి. వారం చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్, అక్కడా తేలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్. ఏడు జవాబుల స్క్రీన్‌షాట్లూ ప్రింటు తీసి పెట్టాను.

ఈసారి జవాబు రాసేవాళ్లు టికెట్‌ను మొదటి మెసేజ్ నుంచి చదివి రాయగలరు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
నల్లగొండ