మానసిక వైద్యానికి ఓపీ ఖర్చులూ బీమాలో చేర్చాలి

మానసిక వ్యాధులకు శారీరక వ్యాధులతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతున్నా, పాలసీదారుకు దక్కుతున్నది అంతంతమాత్రమే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో ఒకసారి, 2022లో మరోసారి ఆదేశాలిచ్చాక కంపెనీలు పాలసీ పత్రాల్లో ఆ మాట చేర్చాయి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. డిప్రెషన్, ఆందోళన వంటి జబ్బులకు అడ్మిషన్ అవసరమయ్యేది ఎందరికి? డాక్టరు ఫీజు, నెలనెలా మందులు, కౌన్సెలింగ్... అసలు ఖర్చంతా ఓపీలోనే. ఆమదాలవలసలో మందుల షాపు నడుపుతున్న నేను చూస్తున్నదేమిటంటే, కాస్త నిద్ర పట్టగానే ‘ఇక చాలు’ అని మందులు ఆపేసేవాళ్లలో చాలామందిని ఆపిస్తున్నది డబ్బే. విశాఖలో డాక్టరుకు చూపించుకునేవాళ్లకైతే రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలి అదనం. షుగరుకూ ఓపీ ఖర్చు ఇవ్వడం లేదు కదా అని కంపెనీలు వాదించవచ్చు. కాగితం మీద అది సమానమే, రోగికి మాత్రం కాదు. మానసిక వైద్యానికి ఏడాదికి ఇంత అని ఓపీ మొత్తాన్ని ప్రతి పాలసీలోనూ ఐఆర్‌డీఏఐ తప్పనిసరి చేయాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ నిబంధన ప్రకారమో, బీమా అంబుడ్స్‌మన్‌కు ఎలా ఫిర్యాదు చేయాలో తెలుగులో రాసివ్వాలి.

– ఒక మందుల షాపు యజమాని, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా