పెద్ద క్యాసెట్ల అమరికలో మా పొరపాటు, ఇకపై మా పద్ధతి

ఎత్తులు తేలికగా ఎక్కాలని కోరిన మీలో పలువురి రోడ్ సైకిళ్లకు మేము వెనుక పెద్ద క్యాసెట్లు (వెనుక చక్రానికి ఉండే స్ప్రాకెట్లనే పళ్ల చక్రాల గుత్తులు) అమర్చాం. వాటిలో కొన్ని సరిగా పనిచేయకపోవడానికి కారణం మా పొరపాటే కనుక, అదేమిటో దాచకుండా చెప్పడం మా బాధ్యత.

ఆ సైకిళ్లకు ముందు 50, 34 పళ్ల చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు), వెనుక 11–28 క్యాసెట్ (అతి చిన్న స్ప్రాకెట్‌కు 11, అతి పెద్దదానికి 28 పళ్లు) ఉండేవి. మేము 11–40 వేసి, డిరైలియర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ను జరిపే పరికరం) పెద్ద స్ప్రాకెట్‌కు రాసుకోకుండా, అది వేలాడే హ్యాంగర్‌కు తగిలించే ఎక్స్‌టెండర్‌తో దాన్ని కిందికి దించాం. ఎక్స్‌టెండర్ చేసేది ఆ ఒక్క పనే; మిగులు చైన్‌ను లాగి పట్టుకునే శక్తి డిరైలియర్ కేజ్ (చైన్ గుండా వెళ్లే కింది చట్రం) పొడవును బట్టి ఉంటుంది. ముందు పళ్ల తేడా 16, వెనుక తేడా 29, కలిపి 45 కాగా, ఆ డిరైలియర్ల సామర్థ్యం, అంటే అవి తట్టుకోగల మొత్తం తేడా, 39 మాత్రమే. అందువల్ల పొడవుగా ఉంచిన చైన్లు చిన్న చైన్‌రింగ్, చిన్న స్ప్రాకెట్ జోడీలో వేలాడాయి. కత్తిరించిన వాటిలో ఒకటి పెద్ద చైన్‌రింగ్, పెద్ద స్ప్రాకెట్ జోడీకి మార్చగానే బిగుసుకుని హ్యాంగర్‌ను విరిచేసింది. ఆ జోడీ వాడవద్దని చెప్పి పంపడం సరిపోదు. ఎత్తు ఎక్కుతూ అలసిన మనిషి ఏ గేరులో ఉన్నాడో చూసుకోలేడు.

ఇకపై రెండు చైన్‌రింగులున్న సైకిళ్లకు మార్పు ముందువైపు నుంచే మొదలుపెడతాం. 46, 30 పళ్ల చైన్‌రింగులున్న క్రాంక్‌సెట్‌కు (పెడళ్లు బిగించే ముందుభాగానికి) 11–34 క్యాసెట్ జతచేస్తే మొత్తం తేడా సరిగ్గా 39 అవుతుంది. అతి తేలికైన గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.88 చుట్టు తిరుగుతుంది. మేము వేసిన 11–40 అమరికలో అది 0.85. కాలికి తెలిసేంత తేడా కాదు. పైగా గేరుకూ గేరుకూ మధ్య అంతరం తగ్గి తొక్కుడు లయ చెదరదు. పల్లంలో అత్యధిక గేరు మాత్రం 4.55 నుంచి 4.18కి తగ్గుతుంది, క్రాంక్‌సెట్ ఖర్చు కూడా కలుస్తుంది. అయినా మేము మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది దీన్నే.

ఇకపై చైన్ పొడవు తేల్చడానికి, దాన్ని డిరైలియర్ గుండా పోనీయకుండా పెద్ద చైన్‌రింగ్, పెద్ద స్ప్రాకెట్ మీదుగా చుట్టి, కొసలు కలిసే చోట రెండు లింకులు, అంటే ఒక అంగుళం, అదనంగా ఉంచి కత్తిరిస్తాం.

మా దగ్గర 11–40 వేయించుకున్నవారు దయచేసి సైకిల్ తీసుకురండి. పొట్టిగా ఉన్న చైన్‌ను మా ఖర్చుతోనే మారుస్తాం. అప్పటివరకు 40 పళ్ల స్ప్రాకెట్‌కు మార్చే ముందు, ముందువైపు చైన్ చిన్న చైన్‌రింగ్ మీద ఉందో లేదో చూసుకోండి.