యువ పఠన బృందం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం సమయంలో ఎక్కువ భాగం యువ పఠన బృందానికే పట్టింది. గ్రంథాలయం సర్దుబాటు, పాత పుస్తకాలకు అట్టలు వేయించడం అనుకున్నట్టే పూర్తయ్యాయి.

బృందం మొదలైనప్పుడు చాలామంది పిల్లలు వచ్చారు. రెండో నెలకే పలచబడ్డారు. కవి కాలం, బిరుదులు చెప్పి, ఆపైన ప్రతిపదార్థం రాయించాం. బడి పాఠాలతో విసిగి వచ్చిన వాళ్ల ముందు మళ్లీ బడే పెట్టాం. ఫోన్లు వచ్చాక పిల్లలకు ఓపిక పోయిందన్న మాట కార్యవర్గంలోనూ వినిపించింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

పోతన గజేంద్రమోక్షంలోని ‘సిరికిం జెప్పఁడు’ పద్యం చదివిన రోజు అసలు ఇబ్బంది బయటపడింది. ఒక అమ్మాయి నిఘంటువులో ‘జీరఁడు’ కోసం వెతికి వెతికి వదిలేసింది. అది నిజానికి ‘చీరఁడు’, అంటే పిలవడు అని. ముందున్న ద్రుతం, అంటే ముందు మాట చివరి నకారం వల్ల చకారం జకారమైంది. ‘జెప్పఁడు’ సంగతీ అంతే. రెండో పాదం ‘డాకర్ణికాం’ దగ్గర ఆగితే, ఆ మాటలో మిగిలిన ‘తర’ మూడో పాదంలో ఉంటుంది. అరసున్న ఎందుకుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏనుగును కాపాడే తొందరలో విష్ణువు లక్ష్మికైనా చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోలేదు, పట్టుకున్న ఆమె కొంగు కూడా వదల్లేదు. ఇన్ని ముడులు విప్పితే గాని ఈ దృశ్యం కళ్లకు కట్టదు. కట్టిన వెంటనే ఆ అమ్మాయే పద్యం మళ్లీ చదవమంది.

అప్పటినుంచి ఒక్కో సమావేశానికి ఒక్క పద్యమే. ముందు వింటారు, తరువాత మాటలు విడదీసిన కాగితం చూస్తారు, అర్థం మాట్లాడుకుంటారు. విడదీస్తే నడక పోతుందని పెద్దలు కొందరు అన్నారు. అది నిజమే గనక చివర మళ్లీ కలిపి చదువుతున్నాం.

‘కన్యాశుల్కం’ వాడుకభాషే కదా, తేలిగ్గా సాగుతుందనుకున్నాం. గురజాడ పెంచి తిరగరాసిన 1909 ప్రతి తీసుకున్నాం. వందేళ్లు దాటిన వాడుక, అందులోనూ ఉత్తరాంధ్ర పలుకుబడి కావడంతో కొన్ని పేజీలు పద్యమంత కష్టమయ్యాయి. పాత్రలు పంచుకుని చదివాక దారిన పడింది. గిరీశం ఇంగ్లీషు కలిపి కోసే కోతలకు వివరణే అక్కర్లేకపోయింది. పసిపిల్లను ముసలివాడికి అమ్మే కథలో మనం ఎందుకు నవ్వుతున్నామని ఒక అబ్బాయి అడిగాడు. ఆ రోజంతా దాని మీదే మాట్లాడుకున్నారు. అనుకున్న అంకం పూర్తి కాలేదు, నాకు అదే నచ్చింది.

‘మాలపల్లి’ మాత్రం మధ్యలో ఆపేశాం. అంత పెద్ద నవలను నెలకోసారి కలుసుకుని చదవడం కుదరలేదు. ఇళ్లలో చదువుకుని వచ్చే పద్ధతిలో వచ్చే ఏడాది మళ్లీ మొదలుపెడతాం.

కాగితాల అచ్చు ఖర్చుతో సహా జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో మీ ముందు పెడతాం. పద్యం పైకి చదివి వినిపించే సభ్యులు ఇంకా కావాలి. రాగం రాకపోయినా పరవాలేదు, మాట స్పష్టంగా పలికితే చాలు. సమావేశానికి వచ్చినప్పుడు నాకు పేరు ఇవ్వండి.

కార్యదర్శి