శనివారం నుంచి సోమవారం దాకా మా బంకులో డీజిల్ ఎందుకు లేదంటే

రోడ్డు మీద ఇప్పటికే రకరకాల కథలు తిరుగుతున్నాయి. డబ్బు కట్టలేక లోడు ఆగిందని ఒకరు, రేటు పెరుగుతుందని స్టాకు దాచాడని ఇంకొకరు, కంపెనీవాళ్లొచ్చి తాళం వేశారని మరొకరు. ఏదీ నిజం కాదు. లోడు శనివారం సాయంత్రమే వచ్చింది. సీళ్లు తెంపని ట్యాంకరు వెనక వేపచెట్టు వైపు నిలబడి ఉండగానే ముందు 'నో స్టాక్' బోర్డు పెట్టించాను. దింపనివ్వనిది నేనే. యాసంగి కోతలు ఊపు మీదున్న వారంలో, హాలియా నుంచి మిర్యాలగూడ దాకా ఏ మడి చూసినా హార్వెస్టర్ తిరుగుతున్న రోజుల్లో, అన్నీ తెలిసే ఆపాను. ఖాతా పెట్టుకుని ఏళ్ల తరబడి మా దగ్గరికే వచ్చేవాళ్లకు ఆ సంగతి హోటల్ దగ్గర కాదు, నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నా.

కారణం ఒక పైపు.

ట్యాంకరు నుంచి భూమిలో ఉన్న మా ట్యాంకులోకి ఆయిల్ దించే పైపు మామూలుది కాదు. పైకి రబ్బరులా కనిపించినా లోపల తీగ చుట్టి ఉంటుంది. ఆ తీగ రెండు చివర్ల బిగించే లోహపు కప్లింగులకూ తగిలి ఉంటుంది. శనివారం వచ్చిన బండికి ఆ పైపు లేదు. దాని బదులు కాలవ మోటార్లకు సక్షన్ కింద వాడే పచ్చ ప్లాస్టిక్ పైపు ఉంది. మీ అందరి పొలాల దగ్గరా ఉండేదే, హార్డ్‌వేర్ షాపులో కొలిచి కోసి ఇచ్చేదే. దానికి రెండు వైపులా పాత పైపు కప్లింగులు దోపి, కారకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన ఇనుప క్లిప్పులు బిగించారు. పనితనానికి వంక పెట్టలేను, చుక్క కారదు. నీళ్లు తోడడానికైతే నేనే అడిగి తీసుకుందును.

కానీ పారేది నీళ్లు కాదు. పెట్రోలు గానీ డీజిల్ గానీ పైపులో పోయేటప్పుడు గోడలకు రాసుకుని కరెంటు పుడుతుంది. చలికాలం రాత్రి పాలిస్టర్ దుప్పటి లాగితే చిటపటమంటుందే, ఆ స్టాటిక్ కరెంటే. ఈ ఆయిళ్లలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి పుట్టింది పుట్టినట్టు పోగవుతుంది. తీగ ఉన్న పైపైతే, ట్యాంకరుకు ఎర్తు క్లిప్పు పెట్టి ఉంటే, ఎప్పటికప్పుడు భూమిలోకి దిగిపోతుంది. ప్లాస్టిక్ పైపులో దానికి దారి లేదు. ఇక పైన బిగించిన ఆ ఇనుప క్లిప్పులు చూడండి: కింద ట్యూబు, ప్లాస్టిక్ ఉండటంతో అవి కప్లింగుకూ తగలవు, భూమికీ తగలవు. ఆ క్లిప్పు కరెంటు పోగేసుకుని కూర్చుంటుంది. మనిషి చెయ్యో స్పానరో దగ్గరికి రాగానే ఒక్క దెబ్బలో వదిలేస్తుంది. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల దాకా కలిసి ఉన్నప్పుడు అంటుకోవడానికి ఒక మిల్లీజౌలులో ఐదో వంతు రవ్వ చాలు. కారు తలుపు ముట్టుకున్నప్పుడు మనకు చురుక్కుమని తెలిసే రవ్వ అంతకంటే పెద్దది. అంటే కంటికీ ఒంటికీ తెలియనంత చిన్న రవ్వ కూడా సరిపోతుంది.

డ్రైవరును అడిగితే, "అసలు పైపు పోయిన లోడుకే పగిలింది అన్నా. సేటు ఇది పెట్టి పంపిండు, మొన్న వేరే బంకుల గూడ గిట్లనే దింపిన" అన్నాడు. కుర్రాడి తప్పేం లేదు, ఇచ్చింది పట్టుకొచ్చాడు. కింద చెయిన్ వేలాడుతోంది కదా, అది చాలదా అని కూడా అడిగాడు. ఆ చెయిన్ సంగతి మీలో లారీలున్నవాళ్లకు కూడా చెప్పాలి. అది రోడ్డుకు జానెడు పైన ఊగుతూ వస్తుంది, తగిలినా ఎండిన తారు రోడ్డు మీద దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. బండి నడకలో పుట్టే కరెంటు, నల్ల బొగ్గుపొడి కలిసిన టైర్లలోంచే చాలావరకు నేలలోకి పోతుంది. ప్రమాదం రోడ్డు మీద తక్కువ, లోడు ఎక్కించే చోటా దించే చోటా ఎక్కువ. చర్లపల్లి లాంటి టెర్మినళ్లలో ఎర్తు క్లిప్పు సరిగ్గా తగలకపోతే లోడింగు మొదలే కాకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. మా బంకులో అలాంటి యంత్రమేదీ లేదు, నేనే ఉన్నాను.

ట్రాన్స్‌పోర్టరుకు ఫోన్ చేశాను. పేరు రాయను. మా బంకు ఓపెనింగు రోజు కొబ్బరికాయ కొట్టిన మనిషి, మొదటి లోడు తెచ్చింది ఆయన బండే. క్షమాపణ అడుగుతాడనుకోలేదు గానీ, పైపు పంపిస్తాననైనా అంటాడనుకున్నా. "జిల్లా మొత్తంల నువ్వొక్కనివే సదువుకున్నవా? నీకు దింపుకొనుడు చాతగాకపోతే బండి వాపసు పంపు" అన్నాడు. వాపసు పంపడమంటే ఎంత తిప్పలో ఆయనకు తెలుసు కాబట్టే అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఇక అసలు నన్ను రాత్రంతా కూర్చోబెట్టిన సంగతి. ట్యాంకరులో ఒక చాంబర్‌లో పెట్రోలు, మిగతావాటిలో డీజిల్. పెట్రోలు మా భూమి ట్యాంకులో ఇంకా ఉంది. అయిపోయింది డీజిలే. "పెట్రోలు ముట్టుకోకు, డీజిలన్న దింపుకో" అని డ్రైవరు, మా స్టాఫు, ఆఖరికి మా ఇంట్లోవాళ్లు కూడా అన్నారు. మాటలో న్యాయం ఉంది. పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, డీజిల్ అలా కాదు. అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుందని మీరు చూసే ఉంటారు. తొమ్మిది దాటాక ఒక హార్వెస్టర్ ఓనరు వచ్చి, పంజాబ్ నుంచి తెచ్చిన డ్రైవర్లు ఖాళీగా కూర్చున్నారని మొత్తుకున్నాడు. నిడమనూరు వైపు నుంచి ఒక పెద్దాయన టీవీఎస్ మీద క్యాన్ కట్టుకుని వచ్చాడు. "మబ్బు పట్టింది బిడ్డా, కోసినయి కోసినట్టు కల్లంల ఉన్నయి, ట్రాక్టరుకు పది లీటర్లన్న పొయ్యి" అన్నాడు. జనరేటర్ కోసం ఉంచుకున్నది ఆయన క్యాన్‌లో పోశాను. హార్వెస్టర్ ఆయనకు మాత్రం లేదనే చెప్పాను.

దాదాపు ఒప్పేసుకున్నాను. డ్రైవరును మాటవరసకు అడిగిన ప్రశ్న నన్ను ఆపింది: పోయిన ట్రిప్పులో ఏ చాంబర్‌లో ఏముంది? మధ్య చాంబర్‌లో పెట్రోలు అన్నాడు. ఈసారి అందులో డీజిల్. పెట్రోలు పోసిన చాంబర్‌లో దాని ఆవిరి చిక్కగా, గాలి చాలక అంటుకోనంతగా ఉంటుంది. దాంట్లో డీజిల్ పోస్తే ఆ ఆవిరిని కొంత డీజిల్ పీల్చుకుంటుంది, పలచబడి సరిగ్గా అంటుకునే పాళ్లకు వస్తుంది. లోడు దిగుతున్న కొద్దీ పైనుంచి గాలి లోపలికి వచ్చి ఇంకా పలచన చేస్తుంది. ఆయిల్ రవాణాలో స్టాటిక్ వల్ల జరిగిన ప్రమాదాలలో ఈ పెట్రోలు తర్వాత డీజిల్ వ్యవహారానికి చాలా చెడ్డపేరుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్ 6 డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో 10 పాళ్లే. అంతగా శుద్ధి చేసిన డీజిల్‌లో కరెంటు ఇంకా తక్కువ పారుతుంది, అంటే ఇంకా ఎక్కువ పోగవుతుంది. అన్నిటికంటే మించి మన ఎండలు. డీజిల్ అంటుకునే ఆవిరి వదిలే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలన్నది నిబంధన. నల్లగొండ జిల్లాలో ఏప్రిల్ మధ్యాహ్నం నీడలోనే నలభై దాటుతుంది, రోజంతా రోడ్డు మీద ఎండిన ట్యాంకరు రేకు సంగతి చెప్పక్కర్లేదు. డీజిల్‌కు ఏమీ కాదన్న మాట చలిదేశాలవాళ్లు చెప్పుకోవాలి.

డీజిల్ ఒక్కటే దింపి ఉంటే నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాకపోవచ్చు, ఆ మాట నేనూ అంటాను. మిగిలిన ఒక్కసారి పన్నెండు వేల లీటర్ల బండి మా ఆవరణలో ఉంటుంది. ఎదురుగా హోటల్, వెనక వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో వడ్ల రాశులు, రాత్రి కాపలా పడుకున్న రైతులు.

ఆదివారం పైపు కోసం తిరిగాం. పక్క మండలం బంకు ఆయన, రేపు పొద్దున తన లోడుందని ఇవ్వలేదు, ఆయన్ను తప్పు పట్టను. ఇంకో బంకు ఆయన మంచి మనసుతో ఇచ్చి పంపాడు. పంపులకు దూరంగా, పైపు ఎండబెట్టాక, ఈ చివరా ఆ చివరా, కరెంటుకు దారి ఉందో లేదో చూపే మీటరు పెట్టి చూస్తే పలకలేదు. లోపల తీగ ఎప్పుడో తెగిపోయింది, ఆయనకే తెలియదు. తెలిసేలా చెప్పాను, కొంచెం నొచ్చుకున్నాడు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మనకు తెలిసిన షాపులు ఆదివారం తెరవలేదు. సోమవారం తెరవగానే మా మేనల్లుడు కొత్త పైపు కొని, బస్సు మీద వేసుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. డబ్బు నేనే పెట్టాను. ఇకమీదట ఈ పైపు బంకుదే. ఏ బండి వచ్చినా దీంతోనే దింపాలి, దింపే ముందు ప్రతిసారీ మీటరు పెట్టాలి.

పాత ట్రాన్స్‌పోర్టరుతో లోడ్లు ఆపేశాను. ఆయన మధ్యవర్తులను పంపుతున్నారు. మీలో కూడా ఒకరిద్దరు చెప్పి చూశారు. ఆయన ఫోన్లో అన్న మాట వెనక్కి తీసుకున్నా నేను మారను. పైపు మారిస్తే సరిపోయే విషయం కాదిది.

మీకు మారేవి కొన్ని ఉన్నాయి. లోడు వచ్చినప్పుడల్లా పంపులు ఆపుతాం, కొంచెం ఓపిక పట్టాలి. ముందు ఎర్తు క్లిప్పు, అదీ రంగు లేని ఇనుము మీద, ఆ తర్వాతే పైపు. విప్పేటప్పుడు పైపు ముందు, క్లిప్పు ఆఖరున. బండి ఆగాక పది నిమిషాలు కదపకుండా ఉంచితేగానీ మూత తీయం, ఆయిల్ ఎంతుందో కొలిచే డిప్ రాడ్ వేయం. రోడ్డు మీద కుదుపులకు పుట్టిన కరెంటు దిగిపోవాలి. ఎర్తు గుంటలో సాయంత్రం పూట మా అబ్బాయిలు నీళ్లు పోస్తుంటే నవ్వుకుని పోయేవాళ్లున్నారు. చెల్క నేల వేసవిలో ఎండి గట్టిపడుతుంది, ఎండిన మట్టిలో కరెంటు సరిగ్గా దిగదు.

డ్రమ్ముల విషయంలో పేచీ పెట్టొద్దు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ట్రాలీ మీద పెట్టుకుని వస్తే డీజిల్ పోయను, ఎవరైనా సరే. ఇనుప డ్రమ్మయితే డ్రమ్ముకే మా క్లిప్పు తగిలించి, నాజిల్‌ను డ్రమ్ము అంచుకు ఆనించి పోస్తాం. చిన్న క్యాన్లు బండి మీద ఉండగా కాదు, దింపి నేల మీద పెట్టాలి. సీసాల్లో పెట్రోలు అడగనే వద్దు, మోటారు సైకిల్ ఆగిపోయిందంటే మా అబ్బాయి వచ్చి బండిని నెట్టుకొస్తాడు.

స్టాకు దాచానన్నవాళ్లకు ఒక్క మాట. 2017 జూన్ నుంచి ఏ రోజు రేటు ఆ రోజు పొద్దున ఆరింటికి కంపెనీయే ఖరారు చేస్తుంది, నా చేతిలో ఏమీ లేదు. రెండు రోజులు డీజిల్ దాచి పైసల లెక్కన సంపాదించేదానికి, యాసంగి కోతల్లో రెండు రోజుల అమ్మకం పోగొట్టుకునేవాడు ఎవడైనా ఉంటాడా? స్టాకు రిజిస్టరు, శనివారం లోడు ఇన్వాయిసు కౌంటర్లో పెట్టాను. చదవగలిగినవాళ్లు చదవండి.

ఆ రెండు రోజులు మిషన్లు ఆగిన ఖాతాదారుల్లో ఎవరైనా వేరేచోట పోయించుకుని ఉంటే, వాళ్ల పాత బాకీ ఈ నెల అడగను, వచ్చే నెల పదో తారీకు దాకా కట్టొచ్చు. హార్వెస్టర్లవాళ్లు మరుసటి రోజుకు ఎంత కావాలో రాత్రి ఎనిమిదిలోపు చెబితే విడిగా ఉంచుతాం. కొత్త బండి మంగళవారం, శుక్రవారం వస్తుంది. ఆ రోజుల్లో పొద్దున పదకొండు లోపే వచ్చి పోయించుకుంటే లోడు దింపేటప్పుడు ఆగాల్సిన పని ఉండదు.