బ్రిడ్జి డిజైన్ గురించి తమ్ముడికి

బర్మింగ్‌హామ్

చి॥ సురేష్‌కి అన్నయ్య ఆశీస్సులు.

బ్రిడ్జి డిజైన్‌లోకి రావడానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగావట, అమ్మ చెప్పింది. బ్రిడ్జిని కంప్యూటర్‌లో మోడల్ చేసే మిడాస్ నెలలో వచ్చేస్తుంది, దానికి తొందరేం లేదు. అది ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో పట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది. మోడల్ రన్ అవగానే రంగుల బొమ్మలు చూస్తూ కూర్చోకు. రియాక్షన్లన్నీ (ఆధారాలు పైకి మోసే బలాలు) కూడితే వేసిన బరువంత వచ్చిందా లేదా, ముందది చూడు.

చేత్తో చెయ్యగలగాల్సిన లెక్క ఒకటి చెప్తాను, ఉక్కు కేబుళ్లు లాగి కాంక్రీటుని బిగించే ప్రీస్ట్రెసింగ్‌ది. 15.2 మి.మీ. స్ట్రాండు (పేనిన ఉక్కు తీగ) సుమారు 260 కిలోన్యూటన్ల దగ్గర తెగుతుంది. 19 స్ట్రాండ్ల కేబుల్‌ని అందులో 75 శాతానికి లాగితే లాగే జాక్ దగ్గర బలం 3,700 కిలోన్యూటన్ల దాకా. 30 మీటర్ల కేబుల్ రాపిడే లేకపోతే 215 మి.మీ. సాగాలి, కేబుల్ పోయే గొట్టం, అంటే డక్ట్, వంపుల్లో రాపిడి వల్ల కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపు కూడా లెక్కగట్టాక, ప్రెజర్ నిండుగా వచ్చినా సాగుదల 5 శాతం కంటే ఎక్కువ తగ్గిందంటే, డక్ట్ వంకరపోయి ఉండాలి, లేదా సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకట్టి ఉండాలి. మరీ ఎక్కువొస్తే పట్టి ఉంచే వెడ్జుల్లో స్ట్రాండు జారుతోందేమో, గేజ్ కాలిబ్రేషన్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. సైటువాళ్లు జాక్ ఆపేసి డిజైనర్‌కి ఫోన్ చేసేది ఇలాంటప్పుడే.

కేబుల్ చివర బిగించే యాంకర్ వెనక కాంక్రీటు చిట్లిపోకుండా స్పైరల్, స్టిరప్స్ (చుట్టలుగా, చట్రాలుగా వంచిన కడ్డీలు) దట్టంగా ఇస్తాం. కాగితం మీద అన్నీ పడతాయి. అక్కడ 20 మి.మీ. కంకర, వైబ్రేటర్ నీడిల్ దూరే సందు లేకపోతే తేనెపట్టులా బొక్కలు మిగులుతాయి, లాగేటప్పుడు అక్కడే పగులుతుంది. అందుకే కొత్తవాళ్లకి మొదట బార్ బెండింగ్ షెడ్యూళ్లు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలో రాసే పట్టికలు) ఇస్తారు. విసుగే, కానీ వదిలించుకోకు.

గ్రౌటింగ్‌ని, అంటే కేబుల్ లాగాక డక్ట్‌లో సిమెంటు పాలు నింపడాన్ని, తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. వేల్స్‌లో యినిస్-ఇ-గ్వాస్ అనే చిన్న బ్రిడ్జి 1985లో ఏ హెచ్చరికా లేకుండా కూలింది. సెగ్మెంట్ల (విడివిడి ముక్కల) జాయింట్ల దగ్గర టెండన్లకి, అంటే లాగిన కేబుళ్లకి, ఉప్పునీరు తగిలి తుప్పుపట్టింది. 1992లో ఇక్కడ బ్రిటన్‌లో గ్రౌటెడ్ పోస్ట్ టెన్షన్ (కాంక్రీటు గట్టిపడ్డాక కేబుళ్లు లాగే) బ్రిడ్జిలు కొత్తవి కట్టడమే కొన్నేళ్లు ఆపేశారు. మన వైజాగ్‌లో సముద్రపు గాలే చాలు. మన కాంక్రీటు బ్రిడ్జిల కోడ్ ఐఆర్‌సీ 112 ప్రకారం అలలు తడిపి ఆరబెట్టే చోట కవర్ (కడ్డీ మీద కాంక్రీటు మందం) 75 మి.మీ. ఈసారి ఎన్ఏడీ ఫ్లైఓవర్ కిందుగా వెళ్లేటప్పుడు ఎక్స్‌పాన్షన్ జాయింట్ల కింద పియర్ క్యాప్ (స్తంభం తల) చూడు. ఏ బ్రిడ్జికైనా జాయింట్ కారితే గర్డర్ చివరలూ, అవి ఆనే బేరింగులే ముందు పాడవుతాయి.

నాన్నగారు అడిగిన విదేశంలో ఉద్యోగం సంగతికి వస్తే: 2011లో వచ్చిన ఐఆర్‌సీ 112 కూడా లిమిట్ స్టేట్ పద్ధతే (కూలే స్థితి, వాడకానికి పనికిరాని స్థితి రెండూ దాటకుండా చూసేది), చాలావరకు యూరప్ డిజైన్ నియమాలైన యూరోకోడ్‌కి దగ్గర. అది గట్టిగా వస్తే ఇక్కడ కష్టపడవు. ఇక్కడ పెద్ద, క్లిష్టమైన బ్రిడ్జిల డిజైన్‌ని వేరే కంపెనీ మొదట్నుంచీ సొంతంగా లెక్కగట్టి చెక్ చేస్తుంది. ఆ చెకింగ్ పని దొరికితే కాదనకు, డిజైన్ కంటే అందులోనే ఎక్కువ నేర్చుకుంటావు. ఎం.టెక్ చేస్తే స్ట్రక్చర్సే తీసుకో.

అమ్మకీ నాన్నగారికీ నమస్కారాలు.

మీ అన్నయ్య