ఇడ్లీ కొట్టు పిన్నికి, గుణుపురం బండిలో వచ్చిన మామ్మకి

అందరికీ నమస్కారం. రాద్దాం రాద్దాం అనుకుంటూనే రెండు నెలలు గడిచిపోయాయి, నిన్న నా దగ్గరికి వచ్చే ఒక బాబు వాళ్ళమ్మ ఫోన్ చేసి "మేడమ్, వైకల్యం సర్టిఫికెట్ చేతికొచ్చింది" అని చెప్పాక ఇంక ఆగబుద్ధి కాలేదు. ఇది ఆవిడ పర్మిషన్‌తోనే పెడుతున్నా, ముందు చదివి వినిపించాను, సరేనంది.

నేను పర్లాకిమిడిలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను, బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటివి ఉన్న పిల్లల్ని, పెద్దవాళ్ళని పరీక్షించి రిపోర్టు రాయడం, ఆ తర్వాత వాళ్ళకి రోజువారీ పనులు నేర్పించడం నా పని. మాది బరంపురం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ చదువంతా ఒడియాలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జరిగిన పొరపాటు అక్కడే మొదలైంది.

బాబుకి పదకొండేళ్ళు. కాశీనగర్ వైపు ఒక పల్లె. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదట, నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాళ్ళ నాన్న హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకి వెళ్తాడు, అమ్మ కూలికి వెళ్తుంది. బడిలో వీడికి ఏమీ రాదు, ఇంక పంపొద్దు అన్నారని ఆవిడ ఏడుస్తూ తీసుకొచ్చింది. కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను. మొదట ఒడియాలో, తర్వాత నా తెలుగులో. ఒక్కదానికీ జవాబు లేదు, తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. వాళ్ళమ్మని అడిగితే అన్నిటికీ "చెయ్యడండి, రాదండి" అంది. ఆ లెక్కన చూస్తే సివియర్, అంటే తీవ్రమైన బుద్ధిమాంద్యం అని వస్తుంది. నేను డ్రాఫ్ట్ రిపోర్టులో అదే రాసేశాను కూడా. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది, ఉక్క తట్టుకోలేక ముగ్గురం మా సెంటర్ ఎదురుగా ఉన్న ఇడ్లీ కొట్టుకి వెళ్ళాం. కొట్టు నడిపే పిన్ని వాడిని చూసి "ఓరి గుంటడా, ఆకలేత్తే ఏటి సేత్తావురా?" అంది. వాడు వెంటనే "అమ్మనడుగుతాను, కూడెట్టమని" అన్నాడు. నేను పొద్దున అడిగింది కూడా అదే ప్రశ్న! కాకపోతే పుస్తకంలో ఉన్నట్టు "నీకు ఆకలి వేసినప్పుడు నువ్వు ఏమి చేయాలి" అని అడిగాను, ఎవరి ఇంట్లో అలా మాట్లాడతారు చెప్పండి.

అంతటితో అయిపోలేదు. వాడు లేచి వెళ్ళి ప్లేట్లు తీసి, ప్లేటుకి రెండు చొప్పున ఐదు ప్లేట్లలో ఇడ్లీలు పెట్టాడు, ఇంకొకాయన వచ్చి కూర్చుంటే ఎవరూ చెప్పకుండానే ఆరో ప్లేటు తెచ్చాడు. వాళ్ళమ్మ ఒకటి చాలు అంటే రెండోది తీసి మళ్ళీ గిన్నెలో పెట్టి మూత వేశాడు. డబ్బుల దగ్గర మాత్రం రాలేదు, ఇరవై నోటుకి చిల్లర ఎంత ఇవ్వాలో తెలీలేదు. కానీ ఇదంతా చూశాక నాకు ఇడ్లీ గొంతు దిగలేదు. పిన్ని నా మొహం చూసి "ఏటమ్మా, ఆడికి తెలివి నేదని రాసేసినావేటి?" అని అడిగింది. ఆ మాట అడిగినందుకు పిన్నీ, నీకు వెయ్యి దండాలు. నువ్వు అడక్కపోతే సాయంత్రం నేను సంతకం పెట్టేసేదాన్ని, ఆ కాగితం పట్టుకుని బడివాళ్ళు వాడిని శాశ్వతంగా ఇంటికి పంపేసేవాళ్ళు.

ఆ రాత్రే సికింద్రాబాద్ ఎన్‌ఐఈపీఐడీలో (బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ) నాతో పాటు చదివిన సీనియర్‌కి ఫోన్ చేశాను. అక్క తిట్టలేదు. ముందు మాటలు అక్కర్లేని పరీక్ష పెట్టు, తర్వాత వాడిని పెంచినవాళ్ళని అడుగు, పుట్టించినవాళ్ళనే కాదు, అంది. మేం తెలివితేటలు కొలవడానికి వాడే బినే-కామత్ పరీక్ష కూడా మొదట కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైందే కదా, నీ ఊళ్ళో పిల్లాడికి అది పెట్టేటప్పుడు ఏ భాషలో పెట్టావో రిపోర్టులో రాయవా అని అడిగింది. నిజంగా రాయలేదు. ఇప్పుడు ప్రతి రిపోర్టులో మొదటి లైను అదే రాస్తున్నా.

పెంచింది మామ్మ అని అప్పుడు తెలిసింది. ఆ ఊరి అంగన్‌వాడీ అమ్మాయి, సెలవురోజు అయినా సరే, మామ్మని చెయ్యి పట్టుకుని గుణుపురం బండి ఎక్కించి మా దగ్గరికి తీసుకొచ్చింది, ఛార్జీ కూడా తనే పెట్టుకుంది. మామ్మ కూర్చోగానే రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేస్తాడో కొలిచే వైన్‌లాండ్ స్కేల్ మళ్ళీ మొదటి నుంచి అడిగాను, అందులో 89 అంశాలుంటాయి, సొంతంగా తినడం, బట్టలు వేసుకోవడం, బయట తిరగడం ఇలాంటివి. వాళ్ళమ్మ చెయ్యడు అన్న చోటల్లా మామ్మ "ఎందుకు సెయ్యడూ" అని కోడలి వైపు చూసింది. స్నానం చేస్తాడు, గేదెకి గడ్డి వేస్తాడు, పక్క వీధి కొట్టుకెళ్ళి ఉప్పు ప్యాకెట్ తెస్తాడు. వాళ్ళమ్మ తప్పు కూడా లేదు, పనికి పోయే తొందరలో, పడిపోతాడేమో అన్న భయంలో అన్నీ తనే చేసేస్తుంది, చేయించి చూసే టైం ఆవిడకి ఎక్కడిది.

సెగ్విన్ ఫామ్ బోర్డు కూడా పెట్టాను, పది చెక్క ఆకారాలు, ఏ గుంటలో ఏది పడుతుందో చూసి పెట్టాలి, మూడుసార్లు చేయించి అందులో తక్కువ పట్టిన టైం తీసుకుంటాం. మూడోసారికి నక్షత్రం దగ్గర తప్ప ఎక్కడా తడబడలేదు, ఆరేడేళ్ళ పిల్లల స్థాయి వచ్చింది. అన్నీ కలిపి చూస్తే మైల్డ్, అంటే కొద్దిపాటి బుద్ధిమాంద్యం. వాడికి ఇబ్బంది ఉంది, లేదని నేను అనట్లేదు. కానీ నేర్చుకోగలడు.

మైల్డ్ అంటే ప్రభుత్వ సాయం ఏమీ రాదేమో అని వాళ్ళమ్మని ఎవరో భయపెట్టారు. మైల్డ్‌కి 50 శాతం వైకల్యం అని ఇస్తారు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సాయానికి 40 శాతం ఉంటే చాలు. సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు రోజున ఆ అంగన్‌వాడీ అమ్మాయే మళ్ళీ తోడొచ్చింది. ఇంక ఇలాంటి పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్‌కి అప్లై చెయ్యాలి, ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం ఖర్చు వస్తుంది, ఆ పని ఈ వారంలో నేనే కూర్చుని చేస్తాను.

గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఇక్కడి గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. రోజూ ఆ ఊళ్ళోనే తిరుగుతూ నేను నా పుస్తకం తెలుగులో ప్రశ్న అడిగాను. సవర మాట్లాడే పిల్లలు కూడా నా దగ్గరికి వస్తారు, వాళ్ళ కోసం ఇప్పుడు ఒక సవర అక్క వారానికోసారి వచ్చి నా పక్కన కూర్చుంటోంది, తనకి కూడా ఈ పోస్టులోనే థాంక్స్.

బాబు మళ్ళీ బడికి వెళ్తున్నాడు. ప్రతి శనివారం నా దగ్గరికి వస్తాడు, పది రూపాయల నోటు, ఇరవై నోటు వేరు చెయ్యడం నేర్పిస్తున్నా, ప్రాక్టీసు ఎదురు కొట్టులోనే. పిన్నికి చదవడం రాదు, రాత్రి కొట్టు మూశాక ఇదంతా వాళ్ళమ్మాయి చదివి వినిపిస్తానంది.