తల్లి వదిలేసిన పిల్లలను ఇప్పుడే ఇవ్వం

అనంతపురంలో మా దగ్గర నాటుకోడి పిల్లలకు అడ్వాన్సు కట్టినవాళ్లకు ఈ మాట. ఈ వారం ఇస్తామన్న పిల్లలను సంక్రాంతి దాటాకే ఇస్తాం. అందాకా ఆగలేనివాళ్లు డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, రసీదు లేకపోయినా సరే.

పెట్ట మామూలుగా ఆరేడు వారాలు పిల్లలను రెక్కల కింద పెట్టుకుంటుంది. ఈ విడతలో చాలా పెట్టలు నాలుగో వారానికే మళ్లీ గుడ్డుకొచ్చాయి. గుడ్డుకొచ్చిన పెట్ట పిల్లను దగ్గరికి రానివ్వదు, నెత్తిన పొడిచి తరుముతుంది. ఆ పిల్లలను విడదీసి బల్బు కింద పెట్టాం. అంతవరకు ఇబ్బందేమీ లేదు.

ఇబ్బంది దాణాతో వచ్చింది. ఏళ్లుగా మాకు దాణా వేస్తున్న వ్యాపారి చిక్ స్టార్టర్ (పిల్లల దాణా) సంచుల్లో లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణా, నింపి పంపాడు. గుడ్డు పెట్టే కోడికి పెంకు గట్టిపడాలని అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం వేస్తారు. పిల్లకు 1 శాతం చాలు. మిగిలింది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్ల ముడుచుకుంటుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట సున్నంలా తెల్లగా పలచగా పడుతుంది. మీరూ సంచి మీది అచ్చును నమ్మకండి. గుప్పెడు దాణా గాజుగ్లాసు నీళ్లలో కలిపి తేరనివ్వండి. లేయర్‌దైతే అడుగున గుల్ల ముక్కలు, తెల్లరాతి నలుసులు దండిగా దిగుతాయి. నీళ్లు వంపేసి నిమ్మకాయ పిండితే బుసబుసమని పొంగుతుంది. స్టార్టర్ కూడా కాస్త నురుగొస్తుంది గానీ ఆ పొంగు ఉండదు. ఇదంతా చూపిస్తే ఆయన “కాల్షియమే కదా, ఎముకకు మంచిదే” అన్నాడు. పిల్లలు సాకేవాళ్లకు అమ్మే మనిషి అనాల్సిన మాటేనా అది? సంచులు తిప్పి పంపాం. ఇక ఆయన దగ్గర గింజ కూడా కొనం.

తెగక తెగక తెగింది ఒక్క విషయమే. ఆ దాణా తిన్న పిల్లలు పైకి చురుగ్గానే ఉన్నాయి. రేటు తగ్గించి ఇచ్చేయమని అడిగినవాళ్లున్నారు, హేచరీ పిల్లలు తెచ్చి లెక్క సరిచేయమని చెప్పినవాళ్లూ ఉన్నారు. రెండూ చేయం. మూత్రపిండం దెబ్బ వెంటనే బయటపడదు. మీ గూటికి చేరాక పడిపోతే తప్పు మీ సాకుడుది అనుకుంటారు. ఎనిమిది వారాలు నిండి, కొక్కెర తెగులుకు వేసే ఆర్2బి టీకా పడి, తిండి నీళ్లు సరిగ్గా ఉన్నవాటినే ఇస్తాం. అదే తెగులుకు ముందుగా వేసే లసోటా టీకా రెండు విడతలూ అయిపోయింది. రేటు మాత్రం పాతదే, అందులో బేరం లేదు.

తల్లీపిల్లలను ముందే తీసుకెళ్లినవాళ్లలో కొందరికి ఇదే జరుగుతోందని తెలిసింది. పెట్ట పొడుస్తుంటే పిల్లలన్నిటినీ ఒకేసారి వేరు చేయండి, ఒక్కదాన్నే తీస్తే అరిచి అరిచి మేత మానేస్తుంది. నేల మీద రెండంగుళాల వేరుశనగ పొట్టు పరవండి, తడిస్తే ఆరోజే మార్చండి. లేకుంటే రక్తపారుడు పట్టుకుంటుంది. పాతిక పిల్లలకు 60 వాట్ల పాత రకం బల్బు అడుగున్నర ఎత్తులో కట్టండి. ఎల్ఈడీ వెలుతురిస్తుంది, వేడి ఇవ్వదు. నాలుగో వారంలో బల్బు కింద 27 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి తగ్గించాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లలనే చూడండి. బల్బు కింద గుమిగూడితే చలి, నోరు తెరిచి దూరం జరిగితే ఎక్కువ వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే గాలి కొడుతున్నట్టు. మూలలకు అట్టముక్కలు అడ్డం పెట్టి గుండ్రంగా చేయండి. కరెంటు పోయిన రాత్రి పిల్లలు మూలకు ఎగబడి, అడుగున పడినవి ఊపిరాడక పోతాయి. ఇంట్లో దాణా కలుపుకునేవాళ్లు బూజు వాసనొచ్చే వేరుశనగ చెక్క వేయొద్దు, కాలేయం పోతుంది.

పిల్లలు సిద్ధమవగానే ఫోన్ చేస్తాం. సాయంత్రం చల్లబడ్డాక గంప తెచ్చుకుని రండి. ప్లాస్టిక్ సంచిలో వేసి ఇవ్వం.